కుండీలోంచి మట్టి వెళ్ళిపోయిన కథ

రెండేళ్ళ కిందట ఆషాఢంలో హైదరాబాదులో మా బాల్కనీలో ఒక ఎచెవేరియా చచ్చిపోయింది. చచ్చిపోయిందని నాకు తెలియడానికే వారం పట్టింది. ఒంట్లో నీళ్ళు దాచుకునే ఈ సక్యులెంట్లతో వచ్చిన చిక్కే అది. మల్లెమొక్కకి నీళ్ళు తక్కువైతే తల వేలాడేసి చెబుతుంది, ఎక్కువైతే ఆకులు పసుపెక్కి చెబుతుంది. ఇది మాత్రం రాతిపువ్వులా ఉన్నచోటే ఉంది. ఒక పొద్దున వేలితో తాకితే పువ్వు పువ్వంతా మొదలునుంచి ఊడి చేతిలోకి వచ్చేసింది. కింద కాండం మగ్గిన అరటిపండులా నల్లబడి ఉంది.

నీళ్ళు ఎక్కువ పోశానా అంటే, లేదు. నర్సరీ అబ్బాయి వారానికొకసారి పొయ్యమన్నాడు. నేను పది రోజులకొకసారి, అదీ పైన మట్టి బీటలు వారితేనే పోశాను. నీళ్ళు దిగిపోవాలని అడుగున రెండంగుళాల మందాన కంకర కూడా పరిచాను. కుండీ బోర్లించి తట్టాక అసలు సంగతి బయటపడింది. పై అంగుళం మట్టి ఇటుకలా గట్టిపడింది. నడుమ చెమ్మ. కంకరకి సరిగ్గా పైన మూడు వేళ్ళ మందాన మట్టి, పిండితే నీళ్ళు కారేట్టు, మురుక్కాలవ వాసనతో ఉంది. కంకర మాత్రం పెళ్ళికొచ్చిన దూరపు చుట్టంలా ఏ పనీ పట్టనట్టు పొడిగా కూర్చుంది.

నీళ్ళు దిగడానికి వేసిన కంకర నీళ్ళని ఎందుకు ఆపింది? ఆ ప్రశ్న పట్టుకుని వెనక్కి నడిస్తే దారి 1930ల నాటి ఇంగ్లండుకి, జెముడు మొక్కతో ఏ సంబంధమూ లేని ఒక పూలమొక్క దగ్గరికి పోయింది.

లండన్ నైరుతి అంచున మెర్టన్ అనే ఊరుంది. జాన్ ఇన్నెస్ అనే వ్యాపారి అక్కడ భూములు కొని, ఇళ్ళు కట్టించి బాగా గడించాడు. 1904లో పోతూ పోతూ తోటల చదువుకీ పరిశోధనకీ ఆస్తి రాసిచ్చాడు. ఆ డబ్బుతో 1910లో జాన్ ఇన్నెస్ హార్టికల్చరల్ ఇన్‌స్టిట్యూషన్ మొదలైంది. మొదటి డైరెక్టరు విలియం బేట్సన్. ‘జెనెటిక్స్’ అన్న మాటని పుట్టించినవాడు ఆయనే. అందుకని పేరుకి తోటల సంస్థే అయినా లోపల జరిగేదంతా జన్యుశాస్త్రం. ఏ పువ్వు రంగు ఏ తరంలో ఎంతమంది పిల్లలకి వచ్చిందన్న లెక్కలు.

ఆ లెక్కలకి వాళ్ళు పెంచే మొక్కల్లో ప్రిములా సైనెన్సిస్ ఒకటి. చైనా నుంచి వచ్చిన చిన్న పూలమొక్క. 1930లలో దాని నారు కుప్పలు కుప్పలుగా చావడం మొదలైంది. మామూలు తోటమాలికి నారు పోతే ఇంకో గుప్పెడు విత్తనాలు చల్లుకుంటాడు. జన్యుశాస్త్రం వాళ్ళకి అలా కుదరదు. నాలుగు మొక్కల్లో మూడు ఒక రంగు, ఒకటి ఇంకో రంగు రావాలని లెక్క కట్టుకుని కూర్చున్నప్పుడు సగం నారు కుళ్ళిపోతే, పోయినవాటిలో ఏ రంగువి ఎన్నో ఎవరు చెప్పాలి? కుండీలో మట్టి బాగాలేకపోతే సిద్ధాంతమే నిలబడదు.

ఈ పని మీద పడింది తోటల బాధ్యత చూసే విలియం లారెన్స్, అద్దాల ఇళ్ళలో పని చూసే జాన్ న్యూవెల్ అనే ఇద్దరి మీద. లారెన్స్ అదే సంస్థలో తోటపని కుర్రాడిగా చేరి పైకొచ్చినవాడు. కాబట్టి పెద్ద తోటమాలుల గుట్లన్నీ ఆయనకి తెలుసు. మన ఇళ్ళలో ఆవకాయ పాళ్ళలాగే ఆ రోజుల్లో అక్కడ పేరున్న ప్రతి తోటమాలికీ తనదంటూ ఒక మట్టి కలపడం ఉండేది. ఈ మొక్కకి ఆకుల ఎరువు, ఆ మొక్కకి గొర్రెల పెంట, ఇంకోదానికి మసి, మరోదానికి పాతగోడల సున్నం. ఒకరు చెప్పింది ఇంకొకరికి సరిపడదు. ఎందుకు వేస్తున్నావని అడిగితే మా గురువు వేశాడు కాబట్టి అంటారు.

లారెన్స్, న్యూవెల్ చేసిందల్లా ఒక్కొక్కటీ తీసేసి చూడడం. ఇది లేకపోతే మొక్కకి ఏమవుతుంది? అది సగం వేస్తే? ఏళ్ళ తరబడి వందల కుండీలు. తేలిన మొదటి సంగతి, నారుని చంపుతున్న తెగులు మట్టిలోనే ఉంది. మట్టిని ఆవిరి పడితే అది పోతుంది. ఆ సంగతి అంతకుముందే తెలిసినా, ఆవిరి పట్టిన మట్టిలో నారు బతికేదే కానీ ఎదిగేది కాదు. అందుకే చాలామంది ఆ పద్ధతి వదిలేశారు. వీళ్ళు పట్టుకున్న కిటుకు ఇక్కడుంది. ఎరువూ సున్నమూ అన్నీ కలిపేశాక ఉడికిస్తే అమోనియా పేరుకుని వేళ్ళని కాలుస్తోంది. కాబట్టి మట్టిని ఒక్కదాన్నే 82 డిగ్రీల సెల్సియస్ దగ్గర 10 నిమిషాలు ఆవిరి పట్టి, వెంటనే చల్లార్చి, తక్కినవి ఆ తర్వాత కలపాలి. ఇడ్లీలు ఉడికాక నెయ్యి వేసుకుంటాం కానీ పిండిలో పోసి ఉడికించం కదా, అలాగన్నమాట. దానికి కొంచెం సూపర్ ఫాస్ఫేట్ తోడైతే నారు ఆగకుండా ఎదిగింది.

రెండో సంగతి నాకు ఇంకా నచ్చింది. మొక్కకో మట్టి అక్కర్లేదు. నారుకి ఒకటి, కుండీకి ఒకటి, ఈ రెండు కలపడాలతో దాదాపు అన్ని మొక్కలూ పెరిగాయి. కుండీకి వేసేదాని పాళ్ళు ఇవీ: 7 పాళ్ళు మంచి మట్టి, 3 పాళ్ళు పీట్, 2 పాళ్ళు ముతక ఇసుక. పీట్ అంటే చిత్తడి నేలల్లో వేల ఏళ్ళుగా కుళ్ళీకుళ్ళకుండా పేరుకున్న నాచు. బలానికి గిట్టల, కొమ్ముల పొడి, సూపర్ ఫాస్ఫేట్, పొటాష్, చిటికెడు సుద్ద. మొక్క పెద్దదయ్యేకొద్దీ ఎరువు రెట్టింపు, మూడింతలు. వందేళ్ళ గురువుల గుట్టంతా ఒక చీటీ మీద పట్టింది.

1939లో వాళ్ళిద్దరూ ‘సీడ్ అండ్ పాటింగ్ కంపోస్ట్స్’ అని పుస్తకం వేసి పాళ్ళన్నీ బయటపెట్టేశారు. సంస్థ వాటిని తనకంటూ దాచుకోలేదు, అమ్ముకోలేదు. ఎవరైనా కలుపుకోవచ్చు, ఎవరైనా సంచుల్లో పోసి అమ్ముకోవచ్చు. వెంటనే యుద్ధం వచ్చింది, ఇంగ్లండులో పూలమళ్ళు కూరమళ్ళయ్యాయి, ఆ మట్టి ఇంటింటికీ పాకింది. సంస్థ ఆ తర్వాత మెర్టన్ వదిలి, 1967లో నార్విచ్ చేరి ఇప్పటికీ జన్యుశాస్త్రమే చేస్తోంది. కానీ బ్రిటన్‌లో మామూలు మనిషికి జాన్ ఇన్నెస్ అంటే తోట సామాన్ల కొట్లో సంచి మీద కనపడే పేరు. నంబర్ వన్, నంబర్ టూ, నంబర్ త్రీ.

అయితే అందులో సగం పైగా మట్టే. ప్రిములాకి బాగుంటుంది, బ్రహ్మజెముడుకి కాదు.

జెముడు జాతి మొక్కల బతుకు వేరు. చాలా సక్యులెంట్లు పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీల్చుకుంటాయి. అందువల్ల ఒంట్లో నీళ్ళు పెద్దగా ఖర్చు కావు. కరువు నెలల్లో సన్న వేళ్ళని తామే ఎండబెట్టి వదిలేసుకుంటాయి. వాన పడిందంటే కొన్ని గంటల్లోనే కొత్త వేళ్ళు తొడిగి, గబగబా తాగేసి, మళ్ళీ తలుపులేసుకుంటాయి. వాటికి కావలసింది బాగా తడిసి త్వరగా ఆరిపోయే చోటు. తడి నిలిచినచోట వేరుకి ఊపిరి అందదు. నీళ్ళలో ఆక్సిజన్ పాకే వేగం గాలిలో కన్నా దాదాపు 10 వేల రెట్లు తక్కువ. కుండీలో నీళ్ళు నిలిస్తే వేరు ముందు ఊపిరాడక చస్తుంది, కుళ్ళు ఆ తర్వాత వస్తుంది. మనం నీళ్ళెక్కువై చచ్చిందంటాం కానీ, నిజానికి గాలి తక్కువై చచ్చింది.

ఇంగ్లండు కాక్టస్ పిచ్చివాళ్ళకి ఇది అనుభవంలో తెలుసు. 19వ శతాబ్దంలోనే కూల్చిన గోడల గార, ఇటుక ముక్కలు ఏరుకొచ్చి మట్టిలో కలిపేవారు. జాన్ ఇన్నెస్ సంచి వచ్చాక దాంట్లో సగానికి సగం గరుకు రాళ్ళు కలుపుకున్నారు. కానీ ఎందుకన్నది తేటపడింది మాత్రం మట్టి పూర్తిగా కుండీ దిగిపోయాకే.

దింపింది అమెరికావాళ్ళు. లారెన్స్ చెప్పిన మంచి మట్టి అంటే పచ్చిక పెళ్ళలు కోసి, గడ్డి కిందికి వచ్చేట్టు దొంతరగా పేర్చి, నెలల తరబడి మాగబెట్టింది. అంత ఓపికా అంత పచ్చికా కాలిఫోర్నియాలో ఎవరికున్నాయి? పైగా ఒక లారీ మట్టి ఇంకో లారీ మట్టిలా ఉండదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మొక్కల తెగుళ్ళ శాస్త్రజ్ఞుడు కెన్నెత్ బేకర్, ఆయన తోటివాళ్ళు 1957లో వేసిన మాన్యువల్‌లో మట్టి ఊసే లేని పాళ్ళిచ్చారు, సన్న ఇసుక, పీట్. 1960లలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ బూడ్లీ, రేమండ్ షెల్డ్రేక్ ఇసుకనీ తీసేసి పీట్‌లో వర్మిక్యులైట్ అనే ఉబ్బించిన ఖనిజమో పెర్లైటో సగం సగం కలిపారు. ఇవాళ కొట్లో కొనే పాటింగ్ మిక్స్ సంచిని ఒంటిచేత్తో ఎత్తగలుగుతున్నామంటే వాళ్ళ పుణ్యమే.

పెర్లైట్ గురించి ఒక్క మాట చెప్పాలి, ఎందుకంటే చాలామంది దాన్ని థర్మకోల్ అనుకుంటారు. అది అగ్నిపర్వతపు గాజు. గాజులో కొద్దిగా నీరు చిక్కుకుని ఉంటుంది. 900 డిగ్రీల దగ్గర గాజు మెత్తబడి, లోపలి నీరు ఆవిరై, జొన్న పేలంలా టప్పున ఉబ్బుతుంది. నాలుగు నుంచి ఇరవై రెట్ల దాకా. తేలిక, గుల్ల. నాకు మాత్రం దానితో పడలేదు. ప్రతి వానకీ తేలి పైకొచ్చి బాల్కనీ అంతా మరమరాలు చల్లినట్టవుతుంది.

ఇప్పుడు నా కంకర సంగతి. ఇది చదివి నమ్మేది కాదు, చూడాల్సింది. గిన్నెలు తోమే కొత్త స్పాంజి ఒకటి తీసుకుని నీళ్ళలో ముంచి, అరచేతి మీద పడుకోబెట్టి పట్టుకోండి. కారేదంతా కారి ఆగిపోతుంది. ఇక చుక్క రాలదు అనుకున్నాక దాన్ని మెల్లగా నిలువుగా తిప్పండి. మళ్ళీ కారుతుంది! కొత్తగా నీళ్ళు పోయలేదు, పిండలేదు. నిలబెట్టామంతే.

సన్న సందుల్లో నీరు కొంత ఎత్తు వరకు తనంతట తాను పట్టుకుని ఉంటుంది, భూమి లాగినా రాదు. ఎంత ఎత్తు అన్నది సందు సైజుని బట్టి ఉంటుంది కానీ కుండీ సైజుని బట్టి కాదు. పడుకున్న స్పాంజి మొత్తం ఆ ఎత్తులోపలే ఉంది కాబట్టి నీరు వదల్లేదు. నిలబడినప్పుడు పై భాగం ఆ ఎత్తు దాటింది, వదిలింది. కుండీ అడుగున కూడా ఎప్పుడూ అలాంటి తడి పొర ఒకటి ఉంటుంది. అడుగున కంకర వేస్తే ఆ పొర పోదు. సన్న సందులోని నీరు పెద్ద సందులోకి అంత తేలిగ్గా దూకదు, కంకర పైనే ఆగుతుంది. అంటే నేను రెండంగుళాల కంకర వేసి బురదని రెండంగుళాలు పైకెత్తి, తీసుకెళ్ళి వేళ్ళకి అందించానన్నమాట. పని చేసేది అడుగున వేసిన రాయి కాదు. పైనుంచి కిందిదాకా కుండీ అంతా రాయే అయితే, ఒక్కో పలుకు మూడు మిల్లీమీటర్లు దాటి ఉంటే, ఆ తడి పొర దాదాపు లేనట్టే.

ఈ పని జర్మనీవాళ్ళు, జపాన్‌వాళ్ళు తేలిగ్గా చేసుకున్నారు, వాళ్ళ కాళ్ళ కింద అగ్నిపర్వతాల సరుకుంది కాబట్టి. జర్మనీలో రైన్ నది పక్కన లాహర్ జే అనే చోట సుమారు 13 వేల ఏళ్ళ కిందట అగ్నిపర్వతం పేలి చుట్టూ ప్యూమిస్ రాయి పరిచింది. అది రాతి నురుగు. అక్కడ ఇళ్ళకి దానితో ఇటుకలు చేస్తారు, కాక్టస్ పెంచేవాళ్ళు జల్లించి కుండీల్లో పోస్తారు. జపాన్‌లో బోన్సాయ్ వాళ్ళు వాడే అకదమ కూడా అగ్నిపర్వతపు బూడిద నుంచి పుట్టిన మట్టే, పేరుకి అర్థం ఎర్ర ఉండ. దాని చెల్లెలు లాంటిది తోచిగి ప్రాంతంలో ఒక ఊళ్ళో దొరుకుతుంది. ఊరి పేరు కనుమ. మన సంక్రాంతి మర్నాటికీ దానికీ ఏ చుట్టరికమూ లేదు కానీ, మొదటిసారి ఆ సంచి మీద పేరు చదివి నేను గారెలు గుర్తుచేసుకున్న మాట నిజం.

ఇవి ఇక్కడికి తెప్పించుకునేవాళ్ళున్నారు. కిలోల లెక్కన, మినప్పప్పు ధర దాటించి. నాకు అందులో అర్థం కనపడదు. జర్మనీ తోటమాలి ప్యూమిస్ వాడింది అది గొప్పదని కాదు, పక్క ఊళ్ళో గుట్టగా పడి ఉంది కాబట్టి. మన కింద ఉన్నది పాతరాయి. హైదరాబాదు గ్రానైట్ దాదాపు 250 కోట్ల ఏళ్ళనాటిది. అది ఎండకీ వానకీ పొడిపొడిగా రాలితే వచ్చేది మొరం. తెలంగాణలో రోడ్డు కింద పోసేది అదే. రాయలసీమ గుట్టల మీద గరుసు నేలలో, రాతి పగుళ్ళలో కుందేటి కొమ్ములు మొలుస్తాయి, ఎవరూ నీళ్ళు పోయకుండా. కొందరు పచ్చడి చేసుకుని తింటారు కూడా. పక్కా సక్యులెంట్, దాని కుండీ మట్టి ఎలా ఉండాలో అదే నిలబడి చూపిస్తోంది. మనం చూడకుండా ఆన్‌లైన్‌లో వెతుక్కుంటున్నాం.

నేను మొదట చేసిన తప్పు అందరూ చేసేదే, ఎర్రమట్టిలో ఇసుక కలపడం. గుల్ల అవుతుందనుకున్నాను. ఒక గ్లాసు శనగలు, ఒక గ్లాసు ఆవాలు కలిపి కొలవండి, రెండు గ్లాసులు రావు. ఆవాలు శనగల సందుల్లో దూరిపోతాయి. ఇసుక రేణువుల సందుల్లో మట్టి అలాగే దూరి కూర్చుంటుంది, ఎండితే తాపీ పనికి పనికొస్తుంది. గుల్లదనం రావాలంటే పలుకులన్నీ ఇంచుమించు ఒకే సైజులో ఉండాలి. సైజు చెప్పడానికి స్కేలు వద్దు. పెసరగింజకి పైన, శనగగింజకి లోపల.

మా వీధిలో ఇల్లు కడుతున్నచోట పగిలిన ఇటుకల గుట్ట ఉండేది. గోనెసంచి పట్టుకెళ్ళాను. మేస్త్రీ కాసేపు చూసి, “ఆ తుక్కు ఎందుకమ్మా మీకు, ఇసుక కావాలంటే రెండు గంపలు పంపిస్తా కదా,” అన్నాడు. మొక్కలకి అన్నాను. “మొక్కలకి ఇటుకలా?” అని నవ్వి, అయినా ఏరిపెట్టాడు. ఎలా ఏరాలో కూడా ఆయనే చెప్పాడు. రెండు ముక్కలు ఒకదానికొకటి కొడితే ఖంగుమనాలి. దబ్‌మంటే సరిగా కాలలేదని లెక్క, నీళ్ళలో వేస్తే తెల్లారేసరికి బురద. ఒక రాత్రి బకెట్లో నానబెట్టి చూశాను, ఆయన చెప్పినట్టే రెండు ముక్కలు కరిగిపోయాయి, తక్కినవి నిలిచాయి. కాలిన ఇటుకకి ఒంటినిండా కంటికి కనపడని రంధ్రాలుంటాయి, నీళ్ళు లోపల దాచుకుంటుంది, చుట్టూ గాలికి దారి వదులుతుంది. బేబీ చిప్స్ అనే సన్న కంకర వేసినా దారి ఉంటుంది కానీ ఆ రాయి చుక్క నీరు దాచదు. నేను సగం ఇటుక, సగం మొరం వేస్తాను.

సుత్తితో కొట్టి, శనగగింజ పట్టే చిల్లుల గిన్నెలోంచి జల్లించి, కింద పడ్డదాన్ని మళ్ళీ పెసరగింజ పట్టే జాలీ మీద ఊపాలి. జాలీలోంచి రాలే పొడే శత్రువు, దాన్ని గులాబీ మొక్కలకి వేసేయండి. జాలీ మీద మిగిలినదాన్ని నీళ్ళు తేటగా వచ్చేదాకా బియ్యంలా కడగాలి. నాకు ఎనిమిది నీళ్ళు పట్టింది. అది 6 డబ్బాలు. మాడ్చిన ఊక 2 డబ్బాలు. ఊక నల్లగా, గింజ ఆకారం చెడకుండా మాడాలి, తెల్లబూడిద అయితే క్షారం ఎక్కువ. జపాన్‌వాళ్ళు ఇదే వాడతారు, కుంతన్ అంటారు. కొబ్బరి పొట్టు ఒక డబ్బా, రెండుమూడు నీళ్ళలో పిండింది. కొబ్బరి డొక్కల్ని ఉప్పునీటి కయ్యల్లో నానబెట్టే చోట్ల పొట్టులో ఉప్పు దిగిపోయి ఉంటుంది. జల్లించిన వర్మీ కంపోస్ట్ ఒక డబ్బా. గుప్పెడు వేపపిండి. విశాఖలోనో కాకినాడలోనో ఉంటే కొబ్బరి పొట్టు మానేస్తాను, ఆ గాలిలో ఏదీ ఆరదు. అనంతపురంలో అయితే రెండు డబ్బాలు వేస్తాను.

నర్సరీ నుంచి మొక్క వచ్చేటప్పుడు వేళ్ళ చుట్టూ ముద్దలా ఉండే జిగట ఒండ్రుని మాత్రం వదిలించాలి. నర్సరీలున్న కడియం లాంటి చోట్ల ఆ మట్టి వాడడంలో తప్పేమీ లేదు, లారీలో వందల మైళ్ళు కుదుపులు తిన్నా వేరుముద్ద పగలకూడదు కదా. అది ప్రయాణానికి కట్టిన మూట. ఇంటికొచ్చాక మూట విప్పాలి. వేళ్ళు తడిపి మెల్లగా కడిగి, నీడన నాలుగు రోజులు ఆరనిచ్చి, తెగిన చోట్లు గట్టిపడ్డాక కొత్తదాంట్లో పెట్టి, వారం దాకా నీళ్ళ చెంబు ముట్టుకోకూడదు. ఆ వారమే కష్టం.

చచ్చిన ఎచెవేరియాలో కుళ్ళు అంటని ఆకులు మూడు మిగిలాయి. వాటిని ఆ ఇటుక పలుకుల మీద ఊరికే పడేశాను. ఒకటి ఎండిపోయింది. రెండింటికి మొదట్లో గులాబి రంగు దారాల్లాంటి వేళ్ళు వచ్చి, తర్వాత మినపగింజంత పిలకలు వచ్చాయి. ఈ ఆషాఢంలో మూడు రోజులు ముసురు పట్టినప్పుడు ఆ కుండీని లోపల పెట్టడం మర్చిపోయాను. గుర్తొచ్చి పరిగెత్తుకెళ్ళేసరికి పైన వాన ఎంత పడుతోందో అడుగు చిల్లులోంచి అంతా ధారగా కారిపోతోంది, ఇటుక పలుకులు తడికి ఎర్రగా మెరుస్తున్నాయి. కుండీని అక్కడే వదిలేసి లోపలికి వచ్చేశాను.